పైపు బండి ఇరుసు ఎందుకు అరుగుతుంది?

గుమ్మం దగ్గర దింపిపోయే 20 లీటర్ల నీళ్ల టిన్నును వంటగదిలోకి చేర్చడానికి నేనొక ట్రాలీ చేసుకున్నాను. 32 ఎం.ఎం. పీవీసీ పైపు ముక్కలు, నాలుగు ఎల్బోలు, రెండు టీలు, హార్డ్‌వేర్ షాపులో దొరికే నాలుగంగుళాల ప్లాస్టిక్ చక్రాలు, వాటి మధ్య 10 ఎం.ఎం. ఇనుప కడ్డీ. పైపుకు అడ్డంగా డ్రిల్లు వేసి, ఆ బెజ్జంలోంచి కడ్డీ దూర్చి, రెండు చివర్లా చక్రాలు బిగించాను. కడ్డీ, చక్రాలు కలిసి తిరుగుతాయి. మొదటి నెల బ్రహ్మాండంగా నడిచింది. మూడో నెలకు కుంటడం మొదలుపెట్టింది. ఐదో నెలకు గుండ్రటి బెజ్జం కాస్తా కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది, కడ్డీ చుట్టూ బూడిదరంగు పొడి పేరుకుంది.

దాన్ని విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన లేత్ మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన చక్రం పట్టుకుని ఒకసారి అటూ ఇటూ ఆడించి, "బెజ్జం వేశారు గానీ బుష్ వెయ్యలేదేంటి సార్? రేకు మీద ఇరుసు తిప్పితే రేకు తెగదా?" అన్నారు. పైపు గోడ 2 మి.మీ. మందం. రేకు అనడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

పైపులతో ఇంట్లో వస్తువులు చేసుకునేవాళ్లు ఇవాళ చాలామంది. పూలకుండీల స్టాండుకు చక్రాలు, వెనక కాళ్లు పడిపోయిన కుక్కకు బండి, పిల్లల సైన్స్ ఫెయిర్‌కి గాలిమర, పెరట్లో కోళ్ల గూటిని జరిపే చట్రం. కోత సులువు, అతుకు సులువు, తుప్పు లేదు, ఖర్చు తక్కువ. తిరిగే భాగం దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ ఆగుతారు. అక్కడ వినపడే సలహాలు నాలుగు: గ్రీజు పెట్టు, లావు కడ్డీ వెయ్యి, బేరింగ్ వెయ్యి, సీపీవీసీ వాడు. నాలుగూ నేను పాటించి చూశాను. ప్రతిదానిలోనూ కొంత నిజముంది, ప్రతిదీ ఎక్కడో ఒకచోట బోల్తా కొట్టింది.

ముందుగా అరుగుదల లెక్క ఒకటి చూడాలి. 1953లో ఆర్చర్డ్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఒక సూత్రం చెప్పాడు. రెండు వస్తువులు రాసుకుంటే రాలే పొడి పరిమాణం, మీద పడే బరువును బట్టి, జారిన దూరాన్ని బట్టి పెరుగుతుంది. మెత్తటి వస్తువు ఎంత గట్టిదైతే అంత తగ్గుతుంది. రాసుకునే వైశాల్యం ఈ సూత్రంలో లేదు. ఇది మొదట వింతగా ఉంటుంది గాని, ఇంటి పనివాడికి అసలు కీలకం ఇదే. చిన్న బెజ్జమైనా పొడుగాటి గొట్టమైనా అదే బరువుకి, అదే దూరానికి అంతే పొడి రాలుతుంది. తేడా లోతులో. గుప్పెడు పిండిని వేలెడు వెడల్పు నుంచి గీరి తీస్తే గుంట పడుతుంది, చాటంత వెడల్పు నుంచి గీరి తీస్తే తీసినట్టే తెలియదు.

ప్లాస్టిక్ బుష్‌లు తయారుచేసేవాళ్లు వాడే లెక్క ఇంకొకటి: ఒత్తిడిని వేగంతో గుణించి వచ్చే అంకె. అది ఒక హద్దు దాటితే రాపిడి వేడికి ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది. నా ట్రాలీకే వేసి చూద్దాం. టిన్ను బరువు సుమారు 20 కిలోలు, ఒక్కో పక్క 10 కిలోలు, అంటే దాదాపు 100 న్యూటన్లు. 10 మి.మీ. కడ్డీ, 2 మి.మీ. గోడ, పైపుకు అటు గోడ ఇటు గోడ కలిపి 40 చదరపు మిల్లీమీటర్లు. ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 2.5 న్యూటన్లు. మామూలు నడక సెకనుకు మీటరు అనుకుంటే 100 మి.మీ. చక్రం సెకనుకు మూడు చుట్లకు కొంచెం పైన తిరుగుతుంది. కడ్డీ ఉపరితలం బెజ్జంలో సెకనుకు 0.1 మీటరు వేగంతో రాసుకుంటుంది. రెండూ గుణిస్తే 0.25. కందెన లేకుండా వాడే మామూలు నైలాన్‌కు ఈ హద్దు 0.1 దరిదాపుల్లో ఉంటుంది. అంటే మంచి నైలాన్ సైతం ఓర్చుకోలేని పనిని నేను పీవీసీ రేకుకు అప్పగించాను. బుష్‌ల కేటలాగుల్లో పీవీసీ పేరు కనిపించడమే అరుదు.

అదే కడ్డీ 40 మి.మీ. పొడవున్న గొట్టంలో తిరిగితే వైశాల్యం 400 చదరపు మిల్లీమీటర్లు, లబ్ధం 0.025. పదో వంతు. గ్రీజు చుక్క లేదు, బేరింగ్ లేదు, కేవలం పొడవు.

మరి లావు కడ్డీ సంగతి? నేనూ 10 తీసేసి 16 వేశాను. బెజ్జం మీద ఒత్తిడి తగ్గింది. కానీ లావు కడ్డీ చుట్టుకొలత పెద్దది కాబట్టి ఒక్కో చుట్టుకీ ఎక్కువ దూరం రాసుకుంటుంది. ఒత్తిడి ఎంత తగ్గిందో వేగం అంతే పెరిగింది, లబ్ధం చెక్కుచెదరలేదు. లావు కడ్డీ వంగకుండా ఉంటుంది, ఆ లాభం నిజమే. రాపిడి వేడికి మాత్రం అది మందు కాదు. పొడవు పెంచడం, చక్రం పెద్దది వేయడం, ఈ రెండే ఆ అంకెను దించుతాయి. చక్రం వ్యాసం రెట్టింపైతే అదే దూరానికి చుట్లు సగమవుతాయి. ముచ్చటగా ఉంటాయని బుల్లి చక్రాలు వేసుకునేవాళ్లు ఇరుసు చేత రెండింతల చాకిరీ చేయిస్తున్నారన్నమాట.

వేడి దగ్గర ఇంకో చిక్కు. పీవీసీ వేడిని పట్టుకుని కూర్చుంటుంది, బయటికి పంపదు. మామూలు ఇనుముతో పోలిస్తే అది వేడిని ప్రసరించే శక్తి సుమారు 300 రెట్లు తక్కువ. 80 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో అది గాజుతనం పోగొట్టుకుని రబ్బరులా అవుతుంది. దానికి చాలా ముందే నీరసిస్తుంది. మన దేశంలో తాగునీటి పీవీసీ పైపులకున్న ఐఎస్ 4985 ప్రమాణం పైపు తట్టుకునే ఒత్తిడిని 27 డిగ్రీల దగ్గర లెక్కగడుతుంది, అంతకుమించిన వేడికి ఆ అంకెను తగ్గించుకోమంటుంది. రెంటచింతల ఎండలో మేడ మీద వదిలేసిన పైపు బండి ఒక్క చుట్టు తిరక్కుండానే సగం అలిసిపోయి ఉంటుంది. అన్నట్టు, పైపు మీద అచ్చువేసిన 6 కిలోలు, 10 కిలోలు అన్నవి లోపలి నీటి ఒత్తిడికి సంబంధించినవి, చదరపు సెంటీమీటరుకు. వాటిని చూసి బండి మోసే బరువు అనుకునేవాళ్లను నేను చూశాను. నేనూ ఒకప్పుడు అనుకున్నాను.

ఇక గ్రీజు. దీని మీద అందరికీ నమ్మకం, నాకూ ఉండేది. కోడిగుడ్డు బెజ్జంలోకి వేలితో గ్రీజు కూరి వారం రోజులు ఆనందించాను. తర్వాత విప్పి చూస్తే కొత్త వింత: బెజ్జం అరగడం సరే, ఇనుప కడ్డీకి గాడి పడిందేమిటి? మెత్తటి పైపు గట్టి ఇనుమును ఎలా తిన్నది?

తిన్నది పైపు కాదు, దుమ్ము. వీధి దుమ్ములో ఇసుక రేణువులుంటాయి, అవి మామూలు ఇనుప కడ్డీ కంటే గట్టివి. గ్రీజు వాటిని పట్టి ఉంచింది, మెత్తటి పీవీసీ వాటిని తన ఒంట్లో గుచ్చుకోనిచ్చింది. అలా బెజ్జం లోపలి అంచు ఉప్పుకాగితం అయ్యింది. ఆ ఉప్పుకాగితంలో కడ్డీ తిరిగింది. బహిరంగంగా ఉన్న బెజ్జానికి గ్రీజు పెట్టడం, దుమ్ముకు జిగురు పెట్టడం ఒకటే.

అయితే మన ఎడ్లబండ్లకు వందల ఏళ్లుగా కందెన పెట్టడం లేదా అని అడగొచ్చు. పెట్టేవారు. ఆ ఏర్పాటు ఎలా ఉండేదో కొంచెం ఆగి చూడాలి. ఇరుసు బండికి బిగించి ఉంటుంది, అది తిరగదు. చక్రమే దాని మీద తిరుగుతుంది. చక్రం నడిమి దుంగ మందంగా, పొడుగ్గా ఉంటుంది, లోపల ఇనుప గొట్టం. కొయ్య మీద ఇనుము కాదు, ఇనుము మీద ఇనుము, అదీ జానెడు పొడవున. చక్రం జారిపోకుండా చివర కడచీల. కందెన అంటే ఉత్త నూనె కాదు: ఆముదంలో కాల్చిన వరిగడ్డి మసి కలిపిన చిక్కటి ముద్ద. ప్రయాణానికి ముందు చక్రం కాస్త బయటికి లాగి, పాత ముద్ద తుడిచి, కొత్తది పూసేవారు. తుడవడం కూడా పూయడంతో సమానమైన పని. మనం ట్రాలీకి గ్రీజు పెట్టేటప్పుడు పాత గ్రీజు మీదే కొత్తది పెడతాం, ఇసుకను లోపలే భద్రంగా దాచుకుంటాం. బండివాడు ఆ తప్పు చేయలేదు.

ఆముదం ప్రస్తావన వచ్చింది కనుక నూనెల సంగతి కూడా ముగిద్దాం. చిక్కగా అంటుకుని ఉండే గుణం వల్ల తొలినాటి విమానాల ఇంజన్లలో సైతం ఆముదం వాడారు. అయినా మన పైపులకు పట్టేటప్పుడు ఏ పైపో చూసుకోవాలి. మామూలు బూడిదరంగు పీవీసీ ఖనిజ నూనెలను, గ్రీజులను బాగానే తట్టుకుంటుంది. వేడినీళ్లకు వాడే లేత పసుపు రంగు సీపీవీసీ అలా కాదు. వంటనూనెలు, ఆముదం లాంటి శాకీయ నూనెలు దానికి గిట్టవు. బరువు కింద ఉన్నచోట ఆ నూనె తగిలితే సన్నటి పగుళ్లు పుట్టి ఒకరోజు టక్కున విరుగుతుంది. సీపీవీసీ వేడికి బాగా ఆగుతుందన్నది నిజం, అందుకే ఆ నాలుగో సలహా పుట్టింది. దానికి కొబ్బరినూనె పూసేవాళ్లు ఆ లాభాన్ని చేతులారా పోగొట్టుకుంటున్నారు. రెండు రకాల పైపులకూ భయం లేనిది సిలికాన్ గ్రీజు. మోటారుసైకిల్ నుంచి తీసేసిన నల్ల ఇంజినాయిల్ మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. అందులో మసి, లోహపు నలుసు ముందే కలిసి ఉంటాయి. దుమ్ము, ఇసుకలోనే తిరిగే బండికైతే నా ఓటు ఏ కందెనా లేని పొడి ఇరుసుకే. అంటుకునేది లేకపోతే దుమ్ము వచ్చినదారినే రాలిపోతుంది.

కడ్డీ గురించి ఎవరూ మాట్లాడరు, అది నాకెప్పుడూ ఆశ్చర్యమే. ఇల్లు కట్టగా మిగిలిన టీఎంటీ కడ్డీని ఇరుసుగా వాడిన బండ్లు చూశాను. దాని మీది గట్లు ఆకురాయి పళ్లలాంటివి, తిరిగిన ప్రతి చుట్టుకూ పైపును రాకుతాయి. రెండు వైపులా నట్లు బిగించుకోవచ్చని థ్రెడ్ రాడ్ వేసేవాళ్లదీ అదే కథ. అది ఆకురాయి కాదు, రంపం. థ్రెడ్ రాడ్ తప్పనిసరైతే తిరిగేచోట దాని మీద నున్నటి స్టీలు గొట్టం తొడగాలి. లేకపోతే ఇనుము షాపులో బ్రైట్ బార్ అని అడిగితే నున్నగా, కొలత సరిగ్గా ఉన్న కడ్డీ ఇస్తారు. దాన్ని నీళ్లలో తడిపిన సన్న ఉప్పుకాగితంతో, మొదట 400, తర్వాత 800 నంబరుతో రుద్దితే పావుగంట పని. నేను చేసిన మార్పులన్నిటిలో ఖర్చుకు తగ్గ ఫలితం దీనికే ఎక్కువ.

ఏది తిరగాలి, ఏది ఆగాలి అన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. నా మొదటి ట్రాలీలో కడ్డీ తిరిగింది, పైపు ఆగింది. అప్పుడు బరువు ఎప్పుడూ బెజ్జం పై అంచు మీదే పడుతుంది, అక్కడే తింటుంది; అందుకే కోడిగుడ్డు. పైగా రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగుసుకుని ఉంటే మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు దూరాలు పోలేక ఒకటి నేలకు రాసుకుంటుంది, ఆ విదిలింపు మళ్లీ బెజ్జం మీదికే వస్తుంది. ఎడ్లబండిలాగా కడ్డీని చట్రానికి బిగించి చక్రాన్ని తిరగనిస్తే బుష్ చుట్టూ సమంగా అరుగుతుంది, గుండ్రం చెడదు. కడ్డీ మాత్రం అడుగు వైపే అరుగుతుంది. దానికి విరుగుడు చాలా తేలిక: నట్లు వదులు చేసి కడ్డీని సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించడం. పైవైపు ఇంకా కొత్తదే కాబట్టి అదే కడ్డీ రెండోసారి పనికొస్తుంది.

ఇక్కడ కొందరు అడిగే మాట: పైపులో పైపు తిప్పితే పోలేదా, ఇనుము ఎందుకు? చిన్న పైపు, పెద్ద పైపు చేతిలో పెట్టుకుని చూస్తే ఆశ పుడుతుంది. 15 ఎం.ఎం. సీపీవీసీ బయటి కొలత 15.9 మి.మీ.; అది కొన్ని 20 ఎం.ఎం. పీవీసీ పైపుల్లో చక్కగా ఇమిడిపోతుంది. కానీ ఒకే జాతి ప్లాస్టిక్ రెండూ రాసుకుంటే పట్టుకుని కీచుమంటాయి, ఆ వేడి పోవడానికి పక్కన లోహం కూడా ఉండదు. బొమ్మల కొలువులో చేత్తో తిప్పే రంగులరాట్నానికి, పెరటి తలుపు కీలుకు ఆ ఏర్పాటు చాలు. బరువు మోసే చక్రానికి వద్దు.

పైపు కీళ్ల మీద జీవితమంతా పెట్టినవాడు ఒకడున్నాడు: నెదర్లాండ్స్ కళాకారుడు థియో యాన్సెన్. 1990 నుంచి ఆయన కరెంటు వైర్లు దూర్చే పసుపు పీవీసీ గొట్టాలతో సముద్రపు ఒడ్డున గాలికి నడిచే పెద్ద పెద్ద జంతువుల్ని కడుతున్నాడు. వాటికి చక్రాల్లేవు, కాళ్లున్నాయి. పదకొండు కొలతల నిష్పత్తితో కుదిర్చిన కాళ్లు. ఒక్కో జంతువుకు లెక్కలేనన్ని కీళ్లు, చుట్టూ ఇసుక. అరుగుదలకు అంతకంటే అనువైన చోటు దొరకదు. 2016 తర్వాత ఆయన గొంగళిపురుగులా ఒళ్లంతా అలలుగా వంచుకుంటూ కదిలే జంతువుల వైపు వెళ్లాడు. వాటిలో కందెన అడిగే మడత కీళ్లే లేవు, కాబట్టి ఇసుక దూరడానికి చోటూ లేదు. పాతికేళ్ల అనుభవం తర్వాత ఆయన మంచి కీలు కోసం వెతకలేదు, కీలునే తీసేశాడు.

ఇలాంటి ఆలోచనే 1991లో దక్షిణాఫ్రికాలో పుట్టిన హిప్పో రోలర్‌లో ఉంది. 90 లీటర్ల నీళ్లు పట్టే ప్లాస్టిక్ డ్రమ్మును పడుకోబెట్టి దొర్లించుకుపోవడమే ఆ బండి. నీళ్ల బరువు చక్రంలోపలే ఉండి నేరుగా నేల మీద పడుతుంది. ఇరుసు మోసేది చేతిపిడి లాగుడు మాత్రమే. నా ట్రాలీ 20 కిలోలకు ఇరుసు అరగదీసుకుంటుంటే అది 90 కిలోలను ఇరుసు మీద పెట్టకుండా తీసుకుపోతోంది. గుండ్రటి బరువును మోయాల్సి వస్తే ముందు దొర్లించవచ్చేమో చూడాలని నాకు అప్పుడే తట్టింది. కానీ నీళ్ల టిన్నును వంటగది గచ్చు మీద దొర్లిస్తే ఇంట్లో ఒప్పుకోలేదు.

కాబట్టి మళ్లీ బుష్ దగ్గరికే రావాలి. మేస్త్రి గారు నాకు నైలాన్ బుష్‌లు తిప్పి ఇచ్చారు. తెల్ల నైలాన్ రాడ్ ముక్క, లోపల 10కి కొంచెం వదులుగా బెజ్జం, బయట చక్రం నడుమున గట్టిగా పట్టేలా. పొడవు 40. బెజ్జం వదులు ఎంత పెట్టాలన్నది ఆయన చేతి అనుభవం. నేను ఇంకా బిగుతుగా ఉండాలని పట్టుబడితే, "వానాకాలం చూడండి సార్" అన్నారు. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది. వేసవిలో నునుపుగా తిరిగేలా పెట్టుకున్న బిగుతు బుష్ శ్రావణమాసంలో కడ్డీని కరిచి పట్టేస్తుంది. చేపల మార్కెట్లో, నీళ్ల తొట్ల దగ్గర, ఎప్పుడూ తడిలో పనిచేసే బండికి నైలాన్ కంటే హెచ్‌డీపీఈ నయం, అది నీళ్లు తాగదు. కూరగాయలు తరిగే మందపాటి తెల్ల పలక సాధారణంగా ఆ జాతిదే. పాతబడిన పలక నుంచి హోల్‌సాతో బిళ్లలు కోసుకోవచ్చు. కాకపోతే దానికి పైపుల సొల్యూషన్ పట్టదు, ఏ జిగురూ సరిగా పట్టదు, స్క్రూతోనో ఇరుకులోనో బిగించాల్సిందే. టేబుల్ ఫ్యాను మోటార్లలో ఉండే కంచు బుష్ మరో దారి. దాని ఒంట్లో సన్న రంధ్రాలుంటాయి, అవి నూనె పీల్చుకుని ఉంటాయి, చుట్టూ నూనె తాగిన ఫెల్ట్ వలయం. ఫ్యాన్లు బాగుచేసే షాపులో దొరుకుతాయి, చిన్న గాలిమరకు ముచ్చటగా పనికొస్తాయి. నల్లా మరలకు చుట్టే టెఫ్లాన్ టేపును ఇరుసుకు చుట్టడం మాత్రం వృథా. రెండు రోజుల్లో పోగులై బయటికి వచ్చేస్తుంది.

బేరింగ్ మాటకొస్తే, నలుగురూ చివరికి చెప్పేది అదే, తప్పేం కాదు. స్కేటింగ్ చక్రాల్లో ఉండే 608 నంబరు బేరింగు లోపల 8, బయట 22, వెడల్పు 7 మి.మీ. గోడ మందం 1.5 ఉన్న 25 ఎం.ఎం. పైపు లోపలి కొలత కూడా సరిగ్గా 22. ఈ రెండూ అలా కలవడం చూసి మొదటిసారి నాకు లాటరీ తగిలినంత సంబరం. నా ట్రాలీ బరువు దానికి లెక్కలోదే కాదు. రెండు వైపులా రబ్బరు మూత ఉన్నది అడగాలి. నంబరు చివర 2ఆర్ఎస్ అని ఉంటుంది. జడ్‌జడ్ అని ఉంటే రేకు మూత, అది నీటిని ఆపదు. సీలింగ్ ఫ్యాన్లలో తీసేసిన 6202 వాడదామనుకుంటే లోపల 15, బయట 35, వెడల్పు 11.

బోల్తా పడేది ఎండాకాలంలో. వేడికి పీవీసీ ఇనుము కంటే దాదాపు ఐదారు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల తేడాకు 22 మి.మీ. బెజ్జం సుమారు 0.04 మి.మీ. పెరుగుతుంది, బేరింగు దానిలో ఐదో వంతే పెరుగుతుంది. చేత్తో నొక్కి కూర్చోబెట్టిన బిగుతు ఉండేదే అంత. అది పోయిందంటే బేరింగు లోపలి గుళ్లు తిరగడం మానేసి బయటి వలయమే పైపులో తిరగడం మొదలెడుతుంది. డబ్బుపెట్టి బేరింగు కొని, అరుగుదలను మళ్లీ పైపు గోడకే తెచ్చుకున్నట్టు. విప్పి చూస్తే బేరింగు కొత్తగా మెరుస్తూ ఉంటుంది, దాని చుట్టూ అదే బూడిదరంగు పొడి. నాకు జరిగిన వాటిలో చిరాకు పెట్టింది ఇదే.

దీనికి పనిచేసిన దారి ఒకటుంది. పైపు చివర నాలుగు చోట్ల చిన్న నిలువు గాట్లు పెట్టి, బేరింగు కూర్చోబెట్టి, బయట గ్యాస్ ట్యూబుకు వాడేలాంటి హోస్ క్లిప్ బిగించడం. వేసవికి పైపు పెరిగినా క్లిప్ దాన్ని వదలదు. ఇంకొందరు హాట్ ఎయిర్ గన్‌తో పైపు చివర మెత్తబరిచి బేరింగు దూర్చి చల్లారనిస్తారు. చల్లారిన పైపు బాగానే పట్టుకుంటుంది. ఆ పని గ్యాస్ పొయ్యి మంట మీద చేయకండి. పీవీసీ మాడితే వచ్చే పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువు ఉంటుంది, ముక్కూ గొంతూ మండిపోతాయి.

పక్కలకు రాసుకునే సంగతి జనం మరిచిపోతారు. చక్రం పక్కకు జరిగి ఎల్బో ముఖానికి రుద్దుకుంటుంటే లోపల ఎంత మంచి బుష్ ఉన్నా లాభం లేదు. మధ్యలో రెండు వాషర్లు, ఒకటి స్టీలుది, ఒకటి నైలాన్‌ది, బయటి వైపు పాత సైకిలు ట్యూబు నుంచి కత్తిరించిన రబ్బరు బిళ్ల. అది దుమ్ముకు తలుపు. చివర నైలాక్ నట్టు, వదులవ్వకుండా.

నా అభిప్రాయం అడిగితే, ఐదు కిలోల లోపు బరువుకు, అంటే కుక్కపిల్ల బండికీ కుండీ స్టాండుకూ పొడుగాటి పైపు స్లీవు, పాలిష్ చేసిన కడ్డీ, కందెన లేకుండా, అంతకుమించి ఆలోచించనక్కర్లేదు. నీళ్ల టిన్ను స్థాయికి తిరగని ఇరుసు, నైలాన్ బుష్. రోజూ కిలోమీటర్లు తిరిగేదానికి లోహపు నడుము ఉన్న చక్రం, బేరింగు. 50 కిలోలు దాటితే పైపును వదిలేసి ఇనుప యాంగిల్ దగ్గరికి వెళ్లండి. మనిషి కూర్చునే బండిని, ముఖ్యంగా పిల్లల్ని రోడ్డు మీద తిప్పే బండిని పైపులతో చేయవద్దు. ఇరుసు అరగడం కనిపిస్తుంది, ఎండకు పెళుసెక్కిన ఎల్బో విరిగేది ముందుగా కనిపించదు.

ఈ సలహాలన్నిటినీ కలిపే దారం ఒకటే. అరుగుదలను ఆపిన ఏర్పాటు నాకు ఎక్కడా కనపడలేదు, యాన్సెన్ కీళ్లు తీసేసిన చోట తప్ప. పనిచేసినవన్నీ అరుగుదలను ఒక చవక ముక్క మీదికి, సులువుగా విప్పి మార్చుకునే చోటికి తరిమినవే. పని చేయనివన్నీ దాన్ని పైపు గోడ మీదే వదిలేసినవి. పైపు గోడ అరిగితే చట్రం మొత్తం కోసి కొత్తగా అతకాలి. గ్రీజు ఏది, బేరింగు ఎంత అన్నవి తర్వాతి ప్రశ్నలు. డ్రిల్లు చేతిలోకి తీసుకునే ముందే, ఏ ముక్క అరగాలని మీరు అనుకుంటున్నారో చట్రం బొమ్మ మీద ఒక గుర్తు పెట్టుకోండి.

మా ట్రాలీకి నైలాన్ బుష్‌లు వేసి రెండేళ్లు దాటింది. ఒకసారి బుష్‌లు మార్చాను, ఒకసారి కడ్డీని సగం చుట్టు తిప్పాను. పైపులు పాతవే, కోడిగుడ్డు బెజ్జం కూడా అలాగే ఉంది, దానిలో ఇప్పుడు గుడ్డలు ఆరేసే తాడు కట్టుకుంటున్నారు.